చౌక కారు – దాని నడక

వానలో తల్లి, తండ్రి, ఇద్దరు బిడ్డలు ఒకే స్కూటరుపై పోవుట చూడనివారు శ్రోతలలో ఉండరు. టాటా నానో అట్టి సంసారమునకై పుట్టినది. 2009లో విపణికి వచ్చి, 2018లో తయారీ నిలిచిపోయిన ఆ బండిని పెద్ద కార్ల ప్రక్కన నిలిపి తూచుట న్యాయము కాదు. స్కూటరు దిగి కారెక్కినవాని కంటితోనే మేము చూచుచున్నాము.

ఊరి సందులలో దాని నడక ముచ్చటైనది. 624 సి.సి. ఇంజను వెనుక సీటు క్రింద నుండుటచేత ముందు భాగము తేలిక. స్టీరింగు సులువుగా తిరుగును. నాలుగు మీటర్ల వ్యాసార్ధములో మలుపు తీసికొనును. కప్పు ఎత్తు గనుక తలపాగా చుట్టిన పెద్దలు కూడ సుఖముగా కూర్చుందురు.

పెద్ద రోడ్డుపై మాట వేరు. సిలిండర్లు రెండే, వేగము హెచ్చిన కొలది వెనుకనుండి వచ్చు రొద సంభాషణను మ్రింగును. పండ్రెండంగుళముల చక్రములు ప్రతి గుంటను నడుమునకు తెలియజేయును.

ఒకే వైపరు, చక్రమునకు మూడే నట్లు – ఈ పొదుపు మాకు నచ్చినది. కాని తొలి బండ్లకు తెరచుకొను వెనుక తలుపు లేదు. పెట్టెలను లోపలినుండియే, సీటు మీదుగా వంగి, దించవలెను. పండుగకు ఊరు పోవు సంసారమునకు ఇది చిన్న కష్టమా? ఆ తలుపు 2015లో జెన్‌ఎక్స్ నమూనాతో గాని రాలేదు; అప్పటికి కొనువారు తగ్గిపోయిరి.