కాలువ గట్టు మీది విలేకరి

1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా నడిపారు. తర్వాత పత్రికల సందడి బెజవాడకు చేరింది. 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలయ్యాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక, పల్లెటూరి వార్త కూడా రోజూ అచ్చుకెక్కింది.

ఆ చిన్న వార్తల విలువ డెల్టా రైతుకు తెలుసు. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, శివారు భూములకు ఎందుకు అందలేదు, తడిసిన ధాన్యం కొంటారా కొనరా? ఢిల్లీ వార్తల్లో ఇవి రావు. వాట్సాప్‌లో వస్తాయి, కానీ ఇంజనీరును అడిగి, గట్టు మీద నిలబడి చూసి రాసిందెవరో తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఏ వీధిలో ఎంత నీరుందన్నదే జనానికి కావలసిన వార్త.

కాగితం పోతుందని నాకు బెంగ లేదు. ఆ వార్త తెచ్చే మనిషి పోతాడనే నా బెంగంతా. మండల విలేకరుల్లో చాలామందికి ఇప్పటికీ నెలజీతం లేదు, ప్రకటనల కమీషనే ఆధారం. ప్రకటన ఇచ్చిన మిల్లు యజమాని మీద అతను వార్త ఎలా రాస్తాడు? అతనికి జీతమిచ్చే పత్రిక అచ్చులో వచ్చినా, ఫోన్లో వచ్చినా, మన ఊరి గ్రంథాలయం, సహకార సంఘం ముందుగా చందా కట్టాలని నా కోరిక.