గోధుమ గింజకు పచ్చిరొట్ట బలం

(వెస్ట్ బేలో సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, నృత్యాల నడుమ ఎరువుల మాట ఏమిటని మీరు అనుకోవచ్చు. ఏడాదికి పది సెంటీమీటర్ల వానైనా పడని ఈ నేలపై, ఈ మేడల్లో కూర్చుని మనం రాత్రిపూట తినే చపాతీ ఎక్కడి నుంచో రావలసిందే. 2017 జూన్‌లో సరిహద్దులు మూతపడ్డ రోజున దుకాణాల ముందు బారులు తీరినవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు.

మా తమ్ముడు ఆదిలాబాదు జిల్లాలో రైతు. తెలుగునాట వరి ముందు గోధుమ లెక్కలోనిది కాదు. అయినా ఆదిలాబాదు చలికి, నల్లరేగడికి అది పండుతుంది. కొన్నేళ్ల క్రితం వాడు యూరియా మానివేసి, కాస్త పశువుల ఎరువు తోలి ఊరుకున్నాడు. పంట చేతికి వచ్చింది గాని గింజలపై తెల్లటి పిండి మచ్చలు. వ్యాపారి ధర తెగ్గోశాడు. మా మరదలు పిండి కలిపితే సాగదు, చపాతీ అంచున విరుగుతుంది. "అన్నా, మళ్లీ యూరియా బస్తాకే పోతా" అన్నాడు ఫోనులో.

ఆ మచ్చలు తెగులు కాదు, ఆకలి. గోధుమలోని మాంసకృత్తులే పిండికి సాగే గుణం ఇస్తాయి. వాటికి నత్రజని కావాలి. మొక్క ఆకుల్లో దాచుకున్న నత్రజనిని పూత తరువాత గింజకు పంపుతుంది. పూతనాటికి ఆకులే పేదవైతే, అద్దంలా మెరవవలసిన గింజ సుద్దముక్క అవుతుంది. యూరియా కొద్ది రోజుల్లోనే మొక్కకు అందుతుంది. ఆకు ఎరువు నేలలో కుళ్లి, సూక్ష్మజీవులు విడగొట్టిన తరువాతే వేరుకు చేరుతుంది. కాబట్టి ఎంత వేశామన్నదానికన్నా ఎప్పుడు వేశామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

మరుసటి ఏడు వాడు జూలై చివర ఒక ఎకరంలో జనుము చల్లాడు. తొలకరికే చల్లి ముందే దున్నితే ఆ బలం వానలకు కొట్టుకుపోతుంది. మంచి జనుము ఎకరాకు ఆరేడు టన్నుల రొట్ట ఇస్తుంది. నలభై అయిదు రోజులకు, పూత మొదలవుతుండగా కలియదున్నాలి. ముదిరితే కాండం నారెక్కి, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని వాడేసుకుంటాయి. గోనెసంచి పాతినట్టే! (మన గోదావరి జిల్లాల పెద్దలకు ఇది కొత్త కాదు, వరి మడిలో జీలుగ, పిల్లిపెసర దున్నినవారే.) నవంబరులో గోధుమ విత్తి, మూడు వారాలకు, మొదటి తడికి ముందు వేపపిండి, ఆముదపు పిండి పైపాటుగా వేశాడు. పొట్ట దశలో వేస్తే ఆలస్యమే.

దిగుబడి పెరగలేదు. గింజ మాత్రం గట్టిపడి మెరిసింది, చపాతీ మడత పడింది. అయితే ఆ ఎకరంలో వానాకాలపు సోయా పోయింది. ఈ నష్టం చెప్పకుండా పచ్చిరొట్టను పొగిడేవారంటే నాకు గిట్టదు. అందుకే ఉన్న నాలుగెకరాల్లో ఏటా ఒక్కొక్క ఎకరమే మారుస్తున్నాడు. ఇక విత్తడం ఆలస్యమై ఫిబ్రవరి ఎండ తగిలితే గింజ నొక్కుకుపోతుంది, దానికి ఏ పిండీ మందు కాదు.

సెలవులకు ఊరు వెళ్లే పిల్లలు ఆగస్టులో జనుము చేను చూడవచ్చు. ఒక మొక్క పెకలించి, వేళ్లపై బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల ఎర్రగా ఉంటే, అది గాలిలోని నత్రజనిని పట్టే పనిలో ఉన్నదన్నమాట.