ఎబినేజర్ చర్చిలో విన్న మన పేరు
(పేటలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగం)

 

ఒక సభ కోసం అమెరికా పోయిన మేం నలుగురం అట్లాంటా నగరంలో ఎబినేజర్ బాప్టిస్టు చర్చి చూసొచ్చాం. అది ఆబర్న్ అవెన్యూలో ఉంది. నల్లవాళ్లు అంగళ్లు, చర్చిలు కట్టుకుని బతికిన వీధి. దాన్ని నడిమికి కోసి పెద్ద రోడ్డు వేశారు. కార్ల హోరు ఆగదు. రోడ్డుకి జాగా కావాలంటే ఏ దేశంలోనైనా ముందు మన వాడలే కనబడతాయి కాబోలు!

పెద్ద గోపురం ఉంటుందనుకున్నాం. మామూలు ఎర్రఇటుక కట్టడం. 1886లో ఈ సంఘాన్ని మొదలుపెట్టిన పాస్టరు ఒకనాటి బానిస. మార్టిన్ లూథర్ కింగ్ తాత, తండ్రి, ఆయనా ఇక్కడే పాస్టర్లు. 1968లో ఆయన్ని చంపాక శవపేటిక ఇక్కడికే తెచ్చారు. 1974లో ఒక ఆదివారం ఆయన తల్లి ఇక్కడే ఆర్గాన్ వాయిస్తుంటే ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు.

బల్లల మీద కూర్చున్నాం. రికార్డులో కింగ్ గొంతు వినిపిస్తోంది. 1965 జూలై 4న ఆయన ఇక్కడ చెప్పిన సంగతి మాకు గుర్తొచ్చింది. 1959లో మన దేశం వచ్చినపుడు తిరువనంతపురంలో మన పిల్లలు చదివే బడికి పోయాడట. అక్కడి హెడ్మాస్టరు, పిల్లలూ, ఈయన అమెరికా నుంచి వచ్చిన మనలాంటి అంటరానివాడే అని పరిచయం చేశాడట. కింగ్‌కి చురుక్కుమంది. తర్వాత తన జనం బతుకు తలుచుకుని, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నాడు. నోబెల్ బహుమతి తీసుకుని ఏడాది కూడా కాలేదు. ఆ మాట తన చర్చిలో, తన వాళ్ల ముందర నిలబడి చెప్పాడు.

మరి మేమో? పట్నంలో ఇల్లు అద్దెకు అడగబోతే ఓనరు "మీరేమిట్లు?" అన్నాడు. "క్రైస్తవులమండీ" అన్నాం. మిగతాది మింగేశాం. క్రైస్తవుడైతే ఎస్సీ కాదని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతుంది. ఇంటి ఓనరు మాత్రం బాప్తిస్మం తీసుకున్నాక కూడా కులమే అడుగుతాడు. రెండేళ్లు ఆ ఇంట్లో గోడమీద అంబేడ్కర్ పటం పెట్టలేదు. పెట్టెలో, బట్టల కింద దాచాం. పిల్లలకు చదువు చెప్పే మేం చేసిన పని ఇది.

తిరిగొచ్చిన వారానికి పటం తీసి ముందుగదిలో మేకుకి తగిలించాం. ఓనరు చూశాడు. ఏమీ అనలేదు. నెలాఖరుకి ఇల్లు కావాలన్నాడు, వాళ్ల అల్లుడొస్తున్నాడట.

ఇప్పుడు మళ్లీ మన పేటలోనే ఉంటున్నాం. బడికి రెండు బస్సులు మారి పోతున్నాం.