చిన్న రేడియోకు చవకైన ఏరియల్
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి, డి.ఏ. గురించి తెలిసినవారు మాట్లాడతారు. నేను రేడియో గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను. మనలో చాలామంది బినాకా గీత్‌మాలా కోసం రేడియో సిలోన్ వెతికి పట్టుకున్నవాళ్లమే. ఆ మిత్రులే ఇప్పుడు "షార్ట్‌వేవ్‌లో బుస తప్ప ఏమీ రావడం లేదు, సెట్టు మార్చాలి" అంటున్నారు. సెట్టు మార్చే ముందు ఏరియల్ సంగతి చూడమని నా మనవి.

కేంద్రాలు తగ్గిన మాట నిజమే. రేడియో ఆస్ట్రేలియా 2017లో, బీబీసీ హిందీ 2020లో షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేశాయి. అయినా బీబీసీ ఇంగ్లీషు, చైనా, రుమేనియా వంటివి ఇంకా ఉన్నాయి. మిగిలిన ఆ కొద్దిపాటి కూడా వినబడకపోవడానికి సగం కారణం మన ఇళ్లే. స్లాబులోని ఇనుము, కిటికీ ఊచలు తరంగాలను అడ్డగిస్తాయి. దానికితోడు ఎల్.ఇ.డి. బల్బులు, సెల్‌ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు రొద పుట్టిస్తాయి.

కనుక మొదటి పని పైసా ఖర్చు లేనిది. రేడియోను బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపండి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపండి. రొద తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే ఏ బల్బో, ఏ ఛార్జరో దొరికిపోతుంది. రొద తగ్గకపోతే అది బయటిది. రేడియోను కిటికీ దగ్గరకో, డాబా మీదకో మార్చి చూడండి.

రెండవది తీగ. ప్లాస్టిక్ తొడుగున్న సన్నని రాగి తీగ ఏడు మీటర్లు తీసుకోండి. 31 మీటర్ల బ్యాండుకు పావు వంతు తరంగం సుమారు అంతే. ఒక కొసన క్రొకడైల్ క్లిప్పు బిగించి రేడియో రాడ్డుకు తగిలించండి. సెట్టుకు ఏరియల్ రంధ్రం ఉంటే తగిన పిన్ను వేయించుకోవచ్చు. రెండో కొసను కిటికీలోంచి బయటికి తీసి, కరెంటు తీగలకు దూరంగా కట్టండి. నేను బాల్కనీలో బట్టలు ఆరేసే నైలాను తాడు వెంబడే కట్టాను. తీగ, క్లిప్పు కలిపి వంద రూపాయలు కాలేదు. రాడ్డుతో బుసలో కలిసిపోయే వార్తలు ఇప్పుడు మాట మాటా తెలుస్తున్నాయి. ఊరికి వెళ్లేటప్పుడు అట్టముక్కకు చుట్టి సంచిలో వేసుకుంటాను.

ఏడు మీటర్లు మంచిదైతే ముప్పై మీటర్లు ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. చిన్న సెట్లు అంత బలం తట్టుకోలేవు. నాలుగు కేంద్రాలు ఒకేచోట కలగాపులగంగా వినబడతాయి. అలా జరిగితే తీగ తగ్గించండి. మరొక మాట: చాలా చిన్న సెట్లలో మీడియం వేవ్‌కు లోపలి ఫెర్రైట్ కడ్డీయే ఏరియల్. దానికి ఈ తీగ పనికిరాదు, సెట్టునే అటూ ఇటూ తిప్పాలి.

తీగ కట్టే వీలే లేనివారికి ఆంప్లిఫయర్ ఉన్న లూప్ ఏరియల్ ఉంది. ఖరీదు వేలల్లో ఉంటుంది. దాన్ని తిప్పితే దగ్గరలోని రొదను కొంత తప్పించవచ్చు, అదే దాని విలువ. తీగతో పని జరిగేవారు దాని జోలికి పోనక్కరలేదు.

ఏ ఏరియల్ అయినా వేళ తెలియాలి. పగలు 16, 19, 25 మీటర్లు, చీకటి పడ్డాక 31, 41, 49 మీటర్లు వెతకండి.

చివరగా ఒక హెచ్చరిక. తీగను కరెంటు వైర్ల మీదుగా ఎన్నడూ విసరవద్దు, అది ప్రాణాంతకం. మబ్బు పట్టగానే క్లిప్పు తీసేసి తీగను ఇంటి బయటే ఉంచండి. పిడుగు పడనక్కరలేదు, దూరపు మెరుపుల వల్ల తీగలో చేరే విద్యుత్తు చాలు సెట్టు పాడవడానికి.

పిల్లలు దూరాన ఉన్న ఇళ్లలో సాయంత్రం పూట ఒక గొంతు వినబడటం చిన్న విషయం కాదు. క్లిప్పు బిగించడం చేతకాని సభ్యులెవరైనా ఉంటే సెట్టు తీసుకుని మా ఇంటికి రండి. తీగ నేనిస్తాను, కాఫీ కూడా.