బొమ్మల సంసారము: ‘సిమ్స్’ ఆటలో నాకు నచ్చినవి, నచ్చనివి

(గత ఆదివారము మన సంఘ భవనములో జరిగిన కుటుంబ సమావేశమున, బళ్ళారిలో ఇనుప సామానుల వర్తకులైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సభ్యుడును తన తీరికవేళ వినోదమును గూర్చి పావుగంట మాటలాడవలెనని కార్యదర్శిగారు నియమము పెట్టిరి. నాకు ముందు మాటలాడినవారిలో ఒకరు హరికథలను గూర్చియు, ఒకరు మిద్దెమీది పూలకుండ్లను గూర్చియు చక్కగా చెప్పిరి. నేను చెప్పబోవునది వినినచో మీరు నవ్వుదురు. నలుబదియారేండ్ల వర్తకుడు, ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించినవాడు, రాత్రి అంగడి మూసి యింటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుండి బొమ్మల సంసారము నడుపుచున్నాడనిన ఎవరికి నవ్వు రాదు? నవ్వి, పిమ్మట వినుడు.

ఆ ఆట పేరు ‘ది సిమ్స్’. దీనిని కల్పించినవాడు అమెరికా దేశస్థుడైన విల్ రైట్. 1991 లో కాలిఫోర్నియాలోని ఓక్లండు కొండలలో పెద్ద కార్చిచ్చు లేచి వేలకొలది యిండ్లు కాలిపోయెను. వానిలో ఆయన యిల్లును ఒకటి. కాలిపోయిన సామాను మరల ఒక్కొక్కటిగా కొనవలసివచ్చినప్పుడు, మనిషికి ఇంటిలో నిజముగా కావలసినవేమి అను ఆలోచన ఆయనకు కలిగినదట. ఆ ఆలోచన నుండి పుట్టిన ఆట 2000 ఫిబ్రవరిలో వెలువడెను. 2004 లో రెండవది, 2009 లో మూడవది, 2014 లో నాలుగవది వచ్చినవి. మా యింట నున్నది నాలుగవది. 2022 అక్టోబరు నుండి దాని మూలభాగము ఉచితము. వర్తకుడను గనుక ఈ సంగతి మరువక చెప్పుచున్నాను. అనుబంధములకు మాత్రము వేరువేరుగా సొమ్ము చెల్లించవలెను.

ఆడు విధము చెప్పెదను. మనమే మనుష్యులను తయారుచేసి, పేర్లు పెట్టి, ఒక యింట నిలుపవలెను. ఒంటరిగా వచ్చినవానికి ఇరువదివేల నాణెములు చేతికిత్తురు. ఆ నాణెమునకు సిమోలియను అని పేరు. ప్రతి మనిషికిని ఆకలి, నిద్ర, శుభ్రము, వినోదము, నలుగురితో మాట, ఇంకను సభలో చెప్పరానిది ఒకటి, వెరసి ఆరు అక్కరలు. అవి తరుగుచుండును, మనము తీర్చుచుండవలెను. మనకు ఒక సెకను గడచిన వారికి ఒక నిమిషము. కాబట్టి మన యిరువదినాలుగు నిమిషములలో వారికొక రేయింబవలు ముగియును. ఇందు గెలుపు లేదు, ఓటమి లేదు. వైకుంఠపాళికి పైన ఒక చివరి గడి యున్నది గాని దీనికి అదియును లేదు.

ఇక నాకు నచ్చినవి. మొదటిది ఇల్లు కట్టుట. మా అమ్మాయి మనుష్యుల ముఖములు దిద్దుటలో రెండు గంటలు గడుపును. నేను వంటింటి కుళాయి ఏది పెట్టవలెనో చూచుటలో గడుపుదును. ఈ ఆటలో కుళాయికిని, పొయ్యికిని నాణ్యము వేరువేరుగా వ్రాసియుండును. చౌకది కొనినచో త్వరగా చెడును, నేలమీద నీరు నిలుచును. చౌక పొయ్యి అంటుకొనును. అంగడిలో ఇరువది సంవత్సరములుగా నేను గిరాకీలకు చెప్పి చెప్పి అలసిన మాట ఈ ఆట నా పక్షమున చెప్పుచున్నది. వాడిన వస్తువును మరల అమ్మినచో కొన్న ధర రాదు. ఇదియును న్యాయమే.

రెండవది, ఒకే కుటుంబమును తరతరములుగా నడుపుట. కొందరు ఒక యిల్లు విడిచి మరియొక యింటిలో దూరుచుందురు. నాకు అది రుచింపదు. ఆయుర్దాయము దీర్ఘముగా పెట్టుకొని, తాత కట్టిన గదిలో మనుమడు పడుకొనుట చూడవలెను. ఒక చిన్న గది, ఒక బల్ల, ఒక మంచముతో ఆరంభించి, మూడవ తరమునకు మిద్దె యెక్కించుట నా పద్ధతి. మన పెద్దలు ఈ ఊరికి వచ్చినప్పుడు తెచ్చుకొన్నదియు అంతే గదా.

ఈ పద్ధతికి విరోధమైనది ఒక దొంగ మాట. ‘మదర్‌లోడ్’ అని ఒక పదము టైపు చేసిన ఏబదివేల నాణెములు ఊరక వచ్చి పడును. పిల్లలందరికి అది కంఠస్థము. లెక్కలో ఏ పద్దు క్రింద వ్రాయుదురు ఆ ఏబదివేలు? నేను దానిని ఇంట నిషేధించితిని. ఈ విషయమున నాకు నియమనిష్ఠ యెక్కువ అని పేరు వచ్చినది. ఆ పేరు ఎంతకాలము నిలిచినదో చివర చెప్పెదను.

అంగడి నడుపు అనుబంధము ఒకటి 2015 లో వచ్చినది. సొమ్ము చెల్లించి కొంటిని. సామాను పేర్చుట, ధరపై లాభము ఎంత వేయవలెనో నిర్ణయించుట, పనివారిని పెట్టుకొనుట అన్నియు ఉన్నవి. పనివారు గిరాకీలను విడిచి ఊరక నిలుచుండుట చూచి, దీనిని కల్పించినవానికి అంగడి అనుభవము కొంత కలదనుకొంటిని. కాని బేరము లేదు! అరువు లేదు! గిరాకీ తలపై ఒక గీత కనబడును. కబుర్లు చెప్పుచు పోయిన అది నిండును. నిండిన వెంటనే అతడు చెప్పిన ధరకు మాటలాడక కొనిపోవును. అట్టి గిరాకీ మీలో ఎవరికైన తగిలినచో నాకు చూపుడు. పండుగ ముందు అరువు, పంట వచ్చిన పిదప వసూలు, మధ్య మొగమాటము, ఇవి లేని వ్యాపారము నాకు ఉప్పులేని పప్పువలె నుండెను. పది దినములలో ఆ అంగడి మూసివేసితిని.

విసుగు పుట్టించునవి ఇంకను కొన్ని. వంటింటిలో తొట్టి యుండగా ఎంగిలి పళ్ళెము పట్టుకొని మేడ యెక్కి స్నానపు గదిలో కడుగువానిని చూచిన నాకు ఒళ్ళు మండును. నేను వెయ్యి రూపములుగా వంటింటి తొట్టి దగ్గరగా జరిపి చూచితిని, లాభము లేదు. ఒక పని చెప్పిన సగములో విడిచి మంచినీళ్ళు తెచ్చుకొనుటకు పోవుదురు. ఉత్తరముల పెట్టె దాక నడచుటకు వారికి అరగంట పట్టును. ఉదయపు ఫలాహారమునకు గంటకు పైగా పట్టును. ఇక చాల ఉద్యోగములలో పనికి పోవువాడు పనివేళకు వీధిలోనికి పోయి మాయమగును, పని ముగిసిన పిదప ప్రత్యక్షమగును. నడుమ ఏమి చేసినాడో మనకు చూపరు. పేర్ల సంగతి మరియొకటి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు పిమ్మట. అచ్చట అది తలక్రిందు. మా తాతగారి పేరు తిరగబడి కనబడినప్పుడు ఎవరో అన్యుని పేరు చదివినట్లు ఉండెను.

2014 లో వెలువడినప్పుడు ఈ నాలుగవ ఆటలో నడకలు నేర్చు పసిబిడ్డలు లేకుండిరి. ఉయ్యాలలో బిడ్డ ఒక్కసారిగా బడికి పోవు బాలుడగుచుండెను. 2017 జనవరిలో గాని ఆ ప్రాయమును చేర్చలేదు. తప్పటడుగులు లేని సంసారమును అంగడిలో పెట్టి అమ్మినవారి ధైర్యమునకు ఆశ్చర్యపడవలసినదే.

ఈ సంఘమునకు వినదగిన సంగతి ఒకటి కలదు. ఈ ఆటలోని వారు మాటలాడు భాష ఏ దేశమునకును చెందినది కాదు. దాని పేరు సిమ్లిష్. నటులు అప్పటికప్పుడు కల్పించి పలికిన అర్థరహితమైన ధ్వనులు. నిజమైన భాషయే పెట్టినచో అవే మాటలు వినివిని విసుగు పుట్టునని ఇట్లు చేసిరి. తెరమీది వ్రాత మాత్రము ఇంగ్లీషు మొదలైన భాషలలో కలదు. తెలుగు గాని కన్నడము గాని మరి యే భారతీయ భాష గాని లేదు. మొదట నాకు కష్టము తోచెను. తరువాత జరిగినది వేరు. మా అమ్మాయి బడిలో చదివినది కన్నడము, ఇంగ్లీషు. ఇంటిలో మేము తెలుగున అడిగిన ఒక్క మాటతో బదులు చెప్పి లేచిపోవు పిల్ల. ఇచ్చట మాత్రము ఇరుగుపొరుగు బొమ్మలు ఏదో గొణుగుచుండగా, “వీళ్ళేమంటున్నారో చెప్పు నాన్నా” అని మొదలుపెట్టెను. నేను ఒకరి పక్షమున, ఆమె మరియొకరి పక్షమున తెలుగున మాటలు కల్పించి పలుకుట మాకు అలవాటైనది. “ఏమమ్మా, మీ వీధికి నీళ్ళు వచ్చినాయా?” అని నేననగా, “రాలేదత్తా, బిందెలు వరసలో పెట్టి వచ్చినా” అని ఆమె అనును. ఈ పలుకుబడి మా అమ్మదే. ఆ పిల్ల దానిని ఎప్పుడు విని దాచుకొన్నదో నేనెరుగను.

ఇప్పుడు చివర చెప్పెదనన్న సంగతి. నేను ఈ ఆటలో ప్రవేశించుటకు ముందే మా అమ్మాయి మా కుటుంబమును అందు చేసిపెట్టియుండెను. నేను, నా భార్య, తాను, వాళ్ళ అవ్వ. మా అమ్మ గతించి అప్పటికి సంవత్సరమైనది. తెల్లని జుట్టు, కొంచెము వంగిన నడుము, చేతిలో చెట్లకు నీళ్ళుపోయు చెంబు. మొదటిసారి చూచినప్పుడు నేను ఏమియు అనక బయటికి పోయితిని.

ఆటలో వయస్సు పెరుగకుండ ఆపు ఏర్పాటు ఒకటి ఉన్నది. “అవ్వకు వయసు పెరగకుండా పెడదాం నాన్నా” అని అమ్మాయి అడిగెను. నేను నా నియమము చెప్పితిని. దొంగసొమ్ము ఎట్లో దొంగ ఆయుస్సు అట్లే అంటిని. ఆమె మరల అడుగలేదు.

ఒక రాత్రి ఆమె పరీక్షకు చదువుకొనుచుండగా నేను ఒంటరిగా ఆడుచుంటిని. మధ్యాహ్నము వేళ వంటింటిలో అవ్వ పడిపోయెను. నల్లని అంగీ తొడిగిన మృత్యుదేవత వచ్చి నిలిచెను. ఇంటివారు ఎవరైన ప్రాధేయపడిన ఒకప్పుడు అతడు విడిచిపోవును. కాని ఆ సమయమునకు నా బొమ్మ పనికి పోయి మాయమైయుండెను. నిజముగాను అట్లే జరిగియుండెను. మా అమ్మ పోయిన దినమున నేను వసూళ్ళకై హోస్పేటలో ఉంటిని. వంటింటి నేలమీద ఒక కలశము మిగిలెను. వచ్చినవాడు వెంటనే పోవక మా యింట కూర్చుండి టెలివిజను చూచుచుండెను.

ఆ ఆటలో పాత ప్రతులను మరల తెరచు ఉపాయము ఉన్నది. దానిని వాడుట మదర్‌లోడ్ కంటె పెద్ద దొంగతనమని నేనే పలుమారులు చెప్పియుంటిని. రాత్రి రెండు గంటలకు ఆ ఉపాయమును వెదకి పట్టుకొని, రెండు దినముల ముందటి ప్రతిని తెరచి, వయస్సు పెరుగు ఏర్పాటును నిలిపివేసి, భద్రపరచి పడుకొంటిని. ఉదయమున అమ్మాయి చూచి, “ఏం నాన్నా, ఎవరో నియమం మార్చినట్టున్నారే” అనెను. కరెంటు పోయి వచ్చినందున అట్లయినదేమో అంటిని. ఆమె నమ్మలేదు.

ఇప్పుడు మా యింట రెండు కుటుంబములు నడచుచున్నవి. ఒకటి నాది, అందు అన్ని నియమములును అమలులో ఉన్నవి, నాలుగవ తరము నడచుచున్నది. రెండవది అమ్మాయిది. అందు అవ్వ పెరటిలో చెట్లకు నీళ్ళు పోయుచున్నది. రాత్రి భోజనములైన పిమ్మట పావుగంట సేపు మేమిద్దరము అవ్వకు మాటలు పెట్టుచుందుము. కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. సెలవు.