స్టీరింగ్ మోకాళ్ల మీదికి దిగి ఆగిపోతే

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు వింటున్న శ్రోతలందరికీ, ముఖ్యంగా ఇంట్లో పాతబడిన పెద్ద కారు ఉన్నవాళ్లకి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

బెంజి, బీఎండబ్ల్యూ, జాగ్వార్, లెక్సస్ లాంటి కార్లలో స్టీరింగ్ పక్కన చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని కదిపితే స్టీరింగ్ పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ తనే జరుగుతుంది. కారు పదిహేనేళ్లు దాటేసరికి ఆ సదుపాయం మొరాయించడం మొదలెడుతుంది. కొందరికి పైకి వెళ్లి కిందికి రాదు. కొందరికి మోకాళ్ల మీదికి దిగి అక్కడే ఉండిపోతుంది. మన కోనసీమలో ఇలాంటి కార్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ముచ్చటపడి తీసుకున్నవి. వాటిలో చాలా భాగం సంక్రాంతికి బయటికి వస్తాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని మళ్లీ షెడ్డులోకి వెళ్లిపోతాయి. అలా నిలబడి ఉండడమే సగం జబ్బులకి మూలమండి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. "పవర్ స్టీరింగ్ పోయింది" అని ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: తిప్పడం బరువైందా, జరపడం ఆగిందా? తిప్పడం బరువైతే పంపు, ఆయిలు, బెల్టు చూడాలి. ఆ కారు నడపకుండా మెకానిక్కుని ఇంటికే పిలవండి. తిప్పడం మామూలుగానే ఉండి ఎత్తు, దూరం మారకపోతే అది స్టీరింగ్‌ని మోసే కాలమ్ కింద ఉన్న చిన్న మోటార్ల వ్యవహారం. మనం ఈవేళ చెప్పుకునేది దాని గురించే.

సాధారణంగా ఎత్తుకి ఒక మోటారు, దూరానికి ఒక మోటారు ఉంటాయి. ఒక్కోదానికి ఒక మరచుట్ల కడ్డీ, స్టీరింగ్ ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పే ఒక సెన్సారు. 1989లో వచ్చిన లెక్సస్ ఎల్ఎస్ 400లోనే ఇది మెమరీతో సహా ఉంది. మీరు తాళం తీయగానే దిగడానికి వీలుగా స్టీరింగ్ పైకి లేస్తుంది చూశారా, మళ్లీ తాళం పెడితే పాత చోటికి వస్తుంది, అసలు అరుగుదలంతా అక్కడే. మీటని మీరు ఏడాదికోసారి కూడా ముట్టుకోకపోవచ్చు. కానీ పాల ప్యాకెట్టు కోసం దిగినా, పెట్రోలు బంకులో ఆగినా ఆ మోటారు పనిచేస్తూనే ఉంటుంది.

అందుకని విప్పడానికి ముందు వినండి. ఇంటి ముందు కారు ఆపి, ఏసీ ఫ్యాను, పాటలు అన్నీ కట్టేసి, మీట నొక్కి కాలమ్ దగ్గర చెవి పెట్టండి. అసలు చప్పుడే లేదంటే చాలాసార్లు కరెంటు అందకపోవడమే కారణం. ఫ్యూజు, స్విచ్, వైరు, కప్లర్, ఈ వరసలో చూడాలి. మోటారు జుయ్‌మని తిరుగుతోంది, స్టీరింగ్ కదలడం లేదంటే లోపల గేరు పళ్లు అరిగాయి. కాస్త కదిలి ఆగిపోతుంటే గ్రీజు ఎండి బిగుసుకుని ఉండాలి, లేదా సెన్సారు తప్పు చెబుతూ ఉండాలి. ఎత్తు మారుతోంది, దూరం ఒక్కటే మారడం లేదంటే మంచిదే. రెండూ ఒకే ఫ్యూజు మీద ఉన్న కారైతే ఆ ఫ్యూజు బాగున్నట్టే. తప్పు ఆ ఒక్క మోటారులోనో, దాని వైరులోనో, స్విచ్‌లో ఆ వైపునో ఉంటుంది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇది చేయకుండానే కాలమ్ మొత్తం మార్చేద్దాం అనేవాళ్ల మాట వినకండి.

తర్వాత బ్యాటరీ. రాత్రంతా నిలిపిన కారుకి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.2కి దిగిందంటే సగం ఖాళీ అయినట్టే. బ్యాటరీ నీరసిస్తే ఈ కార్లు ఇంజిన్‌కీ బ్రేకులకీ కరెంటు దాచుకుని సుఖాలన్నీ ముందుగా ఆపేస్తాయి. 2002లో వచ్చిన బెంజి ఈ-క్లాస్ అయితే సదుపాయాలు తాత్కాలికంగా లేవని మీటర్ల మధ్య రాసి మరీ చూపిస్తుంది. దాంట్లో పెద్ద బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, బానెట్ ఎత్తి అక్కడున్నది ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. బ్యాటరీ బాగా చార్జి చేశాక స్టీరింగ్ దానంతట అదే కదిలిన కార్లు ఎన్నో చూశాను.

ఇప్పుడు మన ప్రాంతపు అసలు శత్రువు దగ్గరికి వద్దాం: నీరు. మా షెడ్డుకి ఒక తెల్ల బెంజి వచ్చింది, స్టీరింగ్ కిందికి దిగి ఆగిపోయి. మోటారు బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు తీసి కార్పెట్టు మీద అరచేయి ఒత్తి చూస్తే పైన పొడిగా ఉంది. అంచు పట్టి ఎత్తితే కింద స్పాంజి నీళ్లు కారుతోంది. సీటు కింద, స్టీరింగ్‌ని జరిపించే మాడ్యూల్ కప్లర్ ఊడదీస్తే రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము. ఆ కారు వరదలో మునిగింది కాదు. ఏళ్లుగా కొబ్బరి చెట్టు కింద నిలబెట్టారు. పూత రాలి, అద్దం కింద జాలీలోంచి దిగి, నీరు పోయే రంధ్రాన్ని మూసేసింది. వాన కురిసిన ప్రతిసారీ నీళ్లు లోపలికే దారి చేసుకున్నాయి. బాగుచేయడానికి పెద్ద భాగం ఏదీ మార్చాల్సిన అవసరం రాలేదు. కార్పెట్టు తీసి ఎండబెట్టాం, కప్లర్ పిన్నులు ఎలక్ట్రికల్ క్లీనర్‌తో కడిగాం, చిలుము తినేసిన రెండు పిన్నులు మార్చాం. అంతే. కాబట్టి చెట్టు కింద కారు పెట్టేవాళ్లు వానాకాలం ముందు బానెట్ ఎత్తి ఆ జాలీ శుభ్రం చేయించండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లవాళ్లు ఇంకా తరచుగా చూసుకోవాలి. ధాన్యం నిలవుండే పాకలో కారు పెట్టేవాళ్లు ఎలకలు కొరికిన వైర్లు కూడా వెతకండి.

నూనె సంగతి ఒకటి చెప్పాలి. బిగుసుకుంది కదా అని కొందరు ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె పోస్తున్నారు. దయచేసి పోయకండి. అది దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది. ధనుర్మాసంలో పొద్దుటి చలికి గేరులో పేరుకుంటుంది, పోనుపోను దుమ్ము పట్టి జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా గ్రీజు చేసే పని చేయదు. పాత గ్రీజు తుడిచేసి, ప్లాస్టిక్ గేర్లకి పడే గ్రీజు పలచగా రాయించాలి.

స్కానర్ పెట్టించాలంటే, చవగ్గా దొరికే చిన్న పరికరాలు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. స్టీరింగ్, సీటు మాడ్యూళ్లు చదివే పెద్ద స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. మీట నొక్కి ఉంచి తెరమీద స్థానం అంకె మారుతుందో లేదో చూపించమనండి. స్టీరింగ్ కదులుతున్నా అంకె మారకపోతే సెన్సారు పోయినట్టు, లేదా దాని వైరు తెగినట్టు.

ఇక్కడి నుంచి నా మాట కాస్త గట్టిగా ఉంటుంది. స్టీరింగ్ మధ్యలో ఉన్నది ఎయిర్‌బ్యాగ్. కాలమ్ కవర్లు విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగాలి. పసుపు రంగు కప్లర్ల జోలికి పోకూడదు, వాటికి టెస్ట్ ల్యాంపు అసలు తగిలించకూడదు. స్టీరింగ్‌ని చేత్తో బలంగా లాగడం, గుద్దడం వద్దు. బ్యాటరీ తిరిగి బిగించాక, కారు జారకుండా చూసే ఈఎస్‌పీ లైటు వెలిగితే కంగారుపడకండి. చాలా బెంజి కార్లలో స్టీరింగ్‌ని ఈ చివరికీ ఆ చివరికీ పూర్తిగా తిప్పితే ఆరిపోతుంది.

అన్నిటికంటే భయపడాల్సింది వెల్డింగు. "ఎలాగూ కదలడం లేదు, ఒకచోట వెల్డు పెట్టేస్తే పోతుంది" అనే సలహా నా చెవినా పడింది. 1960ల చివరి నుంచీ స్టీరింగ్ కాలమ్‌లని గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకునేలా తయారు చేస్తున్నారు. ఆ ముడుచుకోవడమే డ్రైవరు గుండెని కాపాడేది. వెల్డు పెడితే అది పోయి ఇనపకడ్డీ నేరుగా రొమ్ముకి గురిపెట్టినట్టవుతుంది. ఎవరెంత చవగ్గా చేస్తామన్నా ఒప్పుకోకండి.

ఢిల్లీ మాయాపురిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాత కాలమ్ దొరుకుతుంది అంటారు. దొరుకుతుంది, కానీ అది ఎయిర్‌బ్యాగ్ పేలిన కారుదైతే అప్పటికే ఒకసారి ముడుచుకుని ఉండవచ్చు. మీ పాతదాని పక్కన పెట్టి పొడవు కొలవండి, బ్రాకెట్లు వంగాయేమో చూడండి. నిజానికి చాలాసార్లు మొత్తం కాలమ్ అక్కర్లేదు, మోటారు ఒక్కటి మారిస్తే చాలు.

డబ్బు ఇప్పుడు పెట్టలేమంటే కూడా దారి ఉంది. ఎప్పుడైనా స్టీరింగ్ కదిలినప్పుడు మీకు సరిపడే చోట ఆపండి. మీ రొమ్ముకీ స్టీరింగ్ మధ్యకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, మోకాళ్లు తగలకూడదు, మీటర్లు కనపడాలి. తర్వాత సెట్టింగుల్లో ఆ దిగేటప్పుడు పైకి లేచే సదుపాయాన్ని ఆపేయండి. అలా ఏళ్ల తరబడి హాయిగా నడుపుకోవచ్చు, ఇందులో నామోషీ ఏమీ లేదు. స్టీరింగ్ మరీ దగ్గరగా ఆగిపోయినా, పట్టుకుని ఊపితే కాలమ్ లొడలొడలాడినా మాత్రం ఆ కారు రోడ్డెక్కకూడదు. లారీలు తిరిగే 216 జాతీయ రహదారి మీదికి అసలే వద్దు.

లంక గ్రామాలవాళ్లకి మరో మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది ఇస్తారు. మొదటి హెచ్చరిక రేడియోలో వినగానే కారుని ఏటిగట్టు దాటించి ఎత్తైన చోట పెట్టేయండి. తీయలేకపోతే బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. నీరు సీటు కిందికి వచ్చిన కారుకి, వరద తీశాక తాళం తిప్పి చూడొద్దు. కార్పెట్టు ఎత్తి, ఆరబెట్టి, కప్లర్లు కడిగించాకే బ్యాటరీ తగిలించాలి.