పట్టిక యడుగున ఒక వారము

ఫుట్‌బాలు ఆట మనవారికి క్రొత్తది కాదు. హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్ది, భారత జట్టును 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు నాల్గవ స్థానమునకును, 1962లో జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణపతకమునకును కొనిపోయిన సయ్యద్ అబ్దుల్ రహీము గారు మన హైదరాబాదువారే. కావున బంతిని గోలులోనికి పంపుటయెట్లో శ్రోతలకు నేను చెప్పబనిలేదు. ఈ రాత్రి నేను చెప్పదలచినది మనకంతగా అలవాటులేని యొక సంగతి. ఇంగ్లాండులో జట్లు క్రిందిశ్రేణికి దిగిపోవుటను గూర్చియు, ఆ దిగుడునుండి తప్పించుకొనుటకై నాలుగు జట్లు పెనగులాడిన యొక వారమును గూర్చియు చెప్పెదను.

అచ్చట పైశ్రేణి యగు ప్రీమియరు లీగునందు 20 జట్లుండును. ఒక్కొక్క జట్టు తక్కిన పందొమ్మిదింటితోను తన మైదానమున నొకసారియు, వారి మైదానమున నొకసారియు, మొత్తము 38 ఆటలాడవలెను. గెలుపునకు 3 పాయింట్లు, సమముగా ముగిసిన 1, ఓడిన సున్న. పాయింట్లు సమానమైనచో కొట్టిన గోలులకును తిన్న గోలులకును గల వ్యత్యాసమును చూతురు. ఆగస్టులో మొదలైన యీ లెక్క మే నెలలో తేలును. అడుగున మిగిలిన మూడు జట్లు క్రిందికి దిగును. క్రిందినుండి మూడు జట్లు పైకి వచ్చును. మన బడులలో పరీక్ష తప్పిన పిల్లవానిని అదే తరగతిలో నుంచెదరు గదా! ఇచ్చట నట్లు కాదు, క్రింది తరగతికి పంపెదరు. టెలివిజనువారి సొమ్ము ఒక్కసారిగా తగ్గిపోవును. మంచి ఆటగాండ్రను అమ్ముకొనవలసి వచ్చును. కార్యాలయములో గుమాస్తాలకును, వంటశాలలో పనివారికిని ఉద్యోగములు నిలుచునన్న నమ్మకముండదు. ఆటగాడు మరియొక జట్టునకు పోవచ్చును. టిక్కెట్లమ్ము మనుష్యుడెచ్చటికి పోవును?

నా జట్టు వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్. బర్మింగుహామునకు ఆనుకొనియున్న యా పట్టణమున నేను చిరకాలము నివసించితిని. నివసించిన యూరి జట్టును గాక మరియొక జట్టును అభిమానించుట పరాయి యింటి దేవునికి మ్రొక్కుట వంటిదని నా అభిప్రాయము. ఆ జట్టు 1878లో పుట్టినది. సాల్టర్ వారి స్ప్రింగుల కార్ఖానాలో పనిచేయు కూలివాండ్రు దానిని స్థాపించిరి. 1920లో లీగు నెగ్గినది. ఎఫ్.ఏ. కప్పును అయిదుమారులు గెలిచినది, కడపటిది 1968లో. హాథార్న్స్ అనబడు దాని మైదానము ఇంగ్లాండులోని పెద్ద జట్ల మైదానములన్నిటిలోను సముద్రమట్టమునకు మిక్కిలి ఎత్తున నున్నదట. మైదానము ఎత్తున నున్నను పట్టికలో మాత్రము మా చోటు తరచు అడుగుననే.

2004వ సంవత్సరము క్రిస్మసు నాటికి మేము ఇరువదవ స్థానమున, అనగా కట్టకడపట, ఉంటిమి. ప్రీమియరు లీగు పుట్టిన 1992నుండి క్రిస్మసునాడు అడుగుననున్న జట్టేదియు అంతవరకు తప్పించుకొనియుండలేదు. పత్రికలవారు ఈ మాటను వారమువారము మాకు జ్ఞాపకము చేయుచుండిరి. నవంబరులో మేనేజరుగా వచ్చిన బ్రయన్ రాబ్సను గారు పడుచుతనమున మా చారల చొక్కాయే తొడిగి ఆడినవారు. 1981లో మాంచెస్టరు యునైటెడ్‌నకు పోయి ఇంగ్లాండు నాయకులైనారు. దిగుడు బాధ వారికి క్రొత్త గాదు. 1997లో వారి మిడిల్స్‌బరో జట్టు, ఒక ఆటకు పోనందున 3 పాయింట్లు కోతపడి, ఆ కోత మూలముననే దిగిపోయినది. ఒక్కొక్క పాయింటు ఖరీదెంతో ఆయనకు తెలిసినంత మరియొకరికి తెలియదు.

ఇక ఆ వారమునకు వత్తము. 2005 మే 7వ తేది శనివారమున ఆటలు మొదలగుటకు ముందు క్రిస్టల్ ప్యాలెస్‌కు 31 పాయింట్లు, సౌతాంప్టనుకు 31, నార్విచ్‌కు 30, మాకు 30. ఒక్కొక్క జట్టునకు రెండేసి ఆటలు మిగిలియున్నవి. నలుగురిలో ముగ్గురు దిగవలసినదే.

మాకు పడిన ఆట ఓల్డ్ ట్రాఫర్డులో, మాంచెస్టరు యునైటెడ్‌తో. అచ్చట గెలుపుమాట యటుండనిండు, పరువుతో తిరిగివచ్చిన చాలునని యనుకొన్నవారే పెక్కురు. గిగ్స్ ఫ్రీకిక్కుతో గోలు కొట్టెను. మా గోలుకీపరు హౌల్టు గాయపడి మైదానము వీడగా, బెంచీమీదనుండి లేచి వచ్చిన పోలండు పడుచువాడు కుస్చాక్ ఆనాడు చేసిన పని యింతింత యని చెప్పజాలను. గోలులోనికి పోవలసిన బంతులను పదేపదే చేతులతోను, కాళ్లతోను త్రోసివేసెను. తరువాత మాకొక పెనాల్టీ దొరకినది. ఎర్న్‌షా దానిని తప్పక కొట్టెను. ఒకటికి ఒకటి. ఒక పాయింటు.

అదే సమయమున నార్విచ్ తన మైదానమున బర్మింగుహాం సిటీని ఒక్క గోలుతో ఓడించి 33కు పోయినది. లండనులో ప్యాలెస్, సౌతాంప్టను ఎదురెదురుగా తలపడినవి. ప్యాలెస్ 2–1గా ముందుండెను. ఆట ముగియబోవు తరుణమున సౌతాంప్టను వెనుకవరుస ఆటగాడు హిగిన్‌బాతమ్ ముందునకు వచ్చి సమముచేయు గోలు కొట్టెను. 2–2. చెరియొక పాయింటు. ఆ వార్త విని సంతసింపవలెనో విచారింపవలెనో మాలో నొకరికిని తోచలేదు. ఈ గోలును మాత్రము శ్రోతలు జ్ఞాపకముంచుకొనగోరెదను.

శనివారము రాత్రికి పట్టిక యిట్లున్నది: నార్విచ్ 33, సౌతాంప్టను 32, ప్యాలెస్ 32, మేము 31. మరల మేమే అట్టడుగున. కడపటి ఆట మరుసటి ఆదివారము, 15వ తేదిన. ఆనాటివరకు ఒక్క జట్టును దిగుట ఖాయముగాక, కడపటిదినమున నలుగురును త్రాడుమీద నడుచుట ప్రీమియరు లీగులో అదియే మొదటిసారి. మేము గెలువవలెను, గెలిచిన చాలదు, తక్కిన ముగ్గురిలో నొక్కరును గెలువరాదు.

నడుమనున్న ఎనిమిది దినములు అభిమానికి ఎట్లు గడచునో చెప్పెదను. కాగితము, పెన్సిలు. ప్యాలెస్ ఓడి సౌతాంప్టను సమముచేసిన నేమగును, నార్విచ్‌కు ఒక్క పాయింటు వచ్చిన గోలుల వ్యత్యాసమెట్లుండును, ఇదే లెక్క. సంవత్సరమంతయు అభిమాని తన జట్టు మేలునే కోరుచుండును. ఆ వారమున మాత్రము ఎన్నడు ఎరుగనివారి కీడు కోరవలసి వచ్చినది. నార్విచ్‌మీద నాకేమి పగ? ఆ జట్టు యజమానులలో నొకరు డెలియా స్మిత్ గారు. వంటలగ్రంథములు వ్రాసి ఇంగ్లాండులో ఇంటింట పేరుపొందిన ఇల్లాలు. ఆ యేడు ఫిబ్రవరిలో ఒక ఆట నడిమివిరామమున మైకు చేతబట్టుకొని మైదానములోనికి వచ్చి, తమ జట్టును ఉత్సాహపరుపుమని జనమును కేకలు వేసినది. పలువురు నవ్విరి, నాకు మాత్రము నవ్వు రాలేదు. అట్టి యామె కన్నీరు పెట్టిన గాని నా యింట దీపము వెలుగదట! మే నెలలో పట్టిక యడుగున మంచితనమునకు చోటు తక్కువ.

మరియొక బెంగ. సౌతాంప్టను ఆట మాంచెస్టరు యునైటెడ్‌తో. యునైటెడ్‌కు ఆ తరువాతి శనివారము ఎఫ్.ఏ. కప్పు తుదియాట ఉన్నది. పెద్దవారిని కూర్చుండబెట్టి పిల్లలను పంపుదురేమోనని మా భయము. నార్విచ్ పోవలసినది ఫుల్హామునకు. ఆ యేడు పరాయి మైదానమున నార్విచ్ ఒక్క ఆటయు గెలిచియుండలేదు; అదియే మాకు ధైర్యము. ప్యాలెస్ పోవలసినది పొరుగువారగు చార్ల్టను మైదానమునకు. మాకు వచ్చువారు పోర్ట్స్‌మత్. ఇచ్చట నొక చమత్కారము కలదు. పోర్ట్స్‌మత్, సౌతాంప్టను రెండును దక్షిణతీరపు రేవుపట్టణములు, ఉప్పు నిప్పు. పోర్ట్స్‌మత్ మేనేజరుగానుండిన హారీ రెడ్‌నాప్ గారు నవంబరులో దానిని వదలి డిసెంబరులో సౌతాంప్టనుకే చేరిరి. కావున పోర్ట్స్‌మత్ అభిమానులు తమ జట్టు ఓడిన సరే, సౌతాంప్టను దిగిన చాలునని మా మైదానమునకు వచ్చిరి. ఎదుటివారి అభిమానులు మనకై పాడుట నేను అంతకుముందు వినలేదు.

ఆదివారము మూడుగంటలకు దేశమందంతటను ఆటలు ఒక్కసారిగా మొదలైనవి. ఒకరి ఫలితము తెలిసికొని మరియొకరు ఆడకుండుటకే కడపటి దినమున ఈ యేర్పాటు. హాథార్న్స్‌లో కాలుమోపుటకు చోటులేదు. నాకు ముందువరుసలోని ముసలాయన చేత నొక చిన్న రేడియో. దాని తీగ యొకటి ఆయన చెవిలో. ఆయన భుజములే మాకు వార్తాపత్రిక. భుజములు కుంగిన చెడువార్త, లేచిన మంచివార్త.

పదవ నిమిషమునకే రెండు వార్తలు. ఫుల్హాము నార్విచ్‌మీద గోలు కొట్టినది; యునైటెడ్ ఆటగాడు ఓషే పొరపాటున తన గోలులోనికే బంతి పంపుటచే సౌతాంప్టను ముందున్నది. తప్పించుకొను చోటు నార్విచ్ చేతినుండి జారి సౌతాంప్టనుకు దక్కినది. కొలదిసేపటికి ఫ్లెచర్ సమము చేసెను. విరామమునకు మా మైదానమున సున్నకు సున్న. ఆ సమయమున ఆటలన్నియు ఆగిన మేము దిగినట్లే.

విరామమైన తరువాత దాదాపు ఒకే సమయమున రెండు సంగతులు జరిగినవి. హార్స్‌ఫీల్డును మార్పుగా దింపిరి. అతడు వెనుకట చిన్న జట్లలో ఆడుచు, పొట్టపోసికొనుటకు ఇటుకలు పేర్చు తాపీపని చేసినవాడు. దిగిన కొలదిక్షణములకే గోలు కొట్టెను. జనము చేసిన రొదలో ముసలాయన భుజములు కుంగుట నేను చూచితిని. చార్ల్టనులో ఒక గోలు వెనుకబడియుండిన ప్యాలెస్ సమము చేసినది. 63వ నిమిషమున వాన్ నిస్టెల్‌రాయ్ సౌతాంప్టనుమీద కొట్టెను. ఆ భయము తీరినది. 71వ నిమిషమున ప్యాలెస్‌కు పెనాల్టీ. కొట్టువాడు ఆ యేడు లీగులో 21 గోలులు కొట్టిన యాండీ జాన్సను. తప్పునా? తప్పలేదు. ప్యాలెస్ 35, మేము 34. మేము గెలుచుచు దిగిపోవుచున్నాము.

75వ నిమిషమున మా రిచర్డ్‌సను రెండవ గోలు కొట్టెను. సాటిలేని గోలు, కాని దానివలన పట్టికలో అక్షరము మారలేదు. మేము వంద గోలులు కొట్టినను మారదు. పదునొకండు నిమిషములపాటు మా బ్రతుకు నూరుమైళ్లకు పైబడిన దూరముననున్న మరియొక మైదానమున వ్రేలాడినది. 82వ నిమిషమున ముసలాయన రేడియో క్రిందపడవైచి లేచి నిలుచుండెను. చార్ల్టను వెనుకవరుస ఆటగాడు ఫార్చ్యూన్ తలతో సమముచేసెను. ఈ చార్ల్టనువారే 1985నుండి 1991వరకు ప్యాలెస్ మైదానమున అద్దెకుండి ఆడినవారు. మా ఆట ముగిసినను ఆటగాండ్రు లోనికి పోక, జనము కదలక, చార్ల్టనులో ఈల మ్రోగువరకు వేచియుండిరి. మ్రోగినది. అటుపిమ్మట మైదానమున పచ్చిక కనబడలేదు, మనుష్యులే.

నార్విచ్ 6–0గా ఓడినది. మాకు 34, ప్యాలెస్‌కు 33, నార్విచ్‌కు 33, సౌతాంప్టనుకు 32. మేము 38 ఆటలలో గెలిచినవి 6 మాత్రమే, సమముచేసినవి 16. పత్రికలన్నియు హార్స్‌ఫీల్డును, ఫార్చ్యూనును కొనియాడినవి. న్యాయమే. కాని శ్రోతలు జ్ఞాపకముంచుకొనిన హిగిన్‌బాతమ్ గోలును ఇప్పుడు లెక్కలోనికి తీసికొందురు గాక. అతడు ఆ గోలు కొట్టకయున్నచో ప్యాలెస్ మొదటి శనివారమే 34కు చేరును. ఆదివారపు సమముతో 35. మేమే దిగియుందుము. సౌతాంప్టనుకు ఆ గోలువలన నొరిగినది లేదు, వారెట్లును దిగినారు. తమకై కొట్టుకొనిన గోలుతో వారు ప్యాలెస్‌ను ముంచి మమ్ము గట్టెక్కించిరి. ఓల్డ్ ట్రాఫర్డులో కుస్చాక్ ఆపిన బంతులలో నొక్కటి లోనికి పోయినను ఫలితమదియే: మాకును ప్యాలెస్‌కును 33, గోలుల వ్యత్యాసము వారిదే మేలు.

సౌతాంప్టను పైశ్రేణిలో 27 యేండ్లుండి దిగినది. 2009లో అప్పులపాలై మూడవ శ్రేణికిని జారినది. మరల పైకి వచ్చుటకు 2012 కావలసి వచ్చినది. నార్విచ్‌కు 2011, ప్యాలెస్‌కు 2013. మేము తప్పించుకొని అనుభవించినది ఒక్క యేడే. 2006లో 30 పాయింట్లతో దిగితిమి. మాతోపాటు ఆ యేడు మా పొరుగువారగు బర్మింగుహాం సిటీ కూడ దిగినది. వారి పాయింట్లు 34.